హేవర్, హవెర్: స్కాట్స్, హంగేరియన్ భాషల్లో ఒకే రాత, వేరువేరు పుట్టుక

రోమన్ లిపిలో హెచ్, ఏ, వీ, ఈ, ఆర్ అనే ఐదక్షరాలతో రాసే మాట ఒకటి స్కాట్లండ్‌లోని స్కాట్స్ భాషలోనూ, మధ్య ఐరోపాలోని హంగేరియన్ భాషలోనూ ఉంది. స్కాట్స్‌లో ఇది ముఖ్యంగా క్రియ. అర్థంపర్థం లేకుండా మాట్లాడడం, నోటికొచ్చినట్టు వాగడం దీని అర్థం. హంగేరియన్‌లో ఇది నామవాచకం. నేస్తం, దోస్తు అని చెప్పదగిన చనువైన మాట. ఈ రెండింటికీ అర్థంలో గానీ, పుట్టుకలో గానీ ఏ సంబంధమూ లేదు. ఒకే రాతరూపం కలిగి ఉచ్చారణలోనో, అర్థంలోనో, వ్యుత్పత్తిలోనో వేరుపడే మాటలను సమలేఖన పదాలు అని పిలవవచ్చు. ఒకే భాషలో ఇలాంటివి ఉంటే నిఘంటుకర్త వాటిని వేర్వేరు పద్దులుగా చూపి సరిపెడతాడు గానీ, రెండు భాషల మధ్య కనిపించినప్పుడు మాత్రం చూసేవారికి ఏదో పాత చుట్టరికం ఉందేమోననే అనుమానం సహజంగా కలుగుతుంది. అలాంటి అనుమానాన్ని ఎలా పరీక్షించాలో, ఏ ఆధారంతో తోసిపుచ్చాలో తెలుసుకోవడానికి ఈ మాట మంచి ఉదాహరణ.

ఈ సామ్యం చెవికి సంబంధించినది కాదు, కంటికి సంబంధించినది. స్కాట్స్ మాటలో మొదటి అచ్చు దీర్ఘంగా ‘హేవర్’ అని పలుకుతుంది. హంగేరియన్ మాటలో అది పెదవులు గుండ్రం చేసి పలికే హ్రస్వమైన అచ్చు, ‘అ’కూ ‘ఒ’కూ నడుమ ఉండేది, కాబట్టి దాన్ని ‘హవెర్’ అని రాయడం ఉజ్జాయింపు మాత్రమే. తెలుగు లిపిలో రాస్తే రెండూ మొదటి అక్షరం దగ్గరే విడిపోతాయి. ఒకే లిపిని వేర్వేరు భాషలు తమతమ ధ్వనులకు తగినట్టు సర్దుకోవడం వల్ల పుట్టిన సామ్యమిది.

స్కాట్స్‌లో హేవర్

స్కాట్స్ భాష ప్రాచీన ఆంగ్లంలోని నార్తంబ్రియన్ శాఖ నుంచి పెరిగిన జర్మానిక్ భాష. స్కాట్లండ్‌లోనే వాడుకలో ఉన్న గేలిక్‌తో దీన్ని కలపకూడదు. గేలిక్ కెల్టిక్ శాఖకు చెందినది. ఇంగ్లీషుకు స్కాట్స్ అతి దగ్గరి బంధువు కావడం వల్ల దాన్ని యాస అనాలా, భాష అనాలా అన్న వాదం చాలాకాలంగా నడుస్తోంది. అయితే మధ్యయుగాల చివర స్కాట్లండ్ రాజ్యంలో శాసనాలు, కావ్యాలు, న్యాయపత్రాలు ఈ భాషలోనే సాగాయన్న చరిత్రను పక్కనబెట్టి ఆ వాదాన్ని తేల్చడం న్యాయం కాదు. 2022 జనాభా లెక్కల్లో సుమారు 15 లక్షల మంది తమకు స్కాట్స్ మాట్లాడడం వచ్చునని నమోదు చేయించుకున్నారు.

హేవర్ అనే క్రియ 18వ శతాబ్దం నుంచి రచనల్లో కనిపిస్తోంది. దీని మూలం ఏమిటో నిర్ధారణ కాలేదు. ప్రామాణిక నిఘంటువులు మూలం తెలియదనే రాస్తాయి. బహువచన రూపంలో ఇది నామవాచకమై ‘పిచ్చిమాటలు’ అనే అర్థాన్నిస్తుంది. ఎదుటివాడి మాటను కొట్టిపారేయడానికి ఒక్క పదపు ఆశ్చర్యార్థకంగానూ వాడతారు. ఇందులో నింద ఉన్నా అది మెత్తని నింద. అబద్ధమాడుతున్నాడని కాక, మాటకు తలాతోకా లేదని మాత్రమే దీని భావం. ఇంగ్లండ్‌లో ఈ మాట ‘తటపటాయించు’, ‘ఎటూ తేల్చకుండా ఊగిసలాడు’ అనే మరో అర్థంలోకి జారింది. ఒక దేశపు పత్రికలో ‘తేల్చుకోలేకపోతున్న మంత్రి’గా కనిపించే మనిషి, మరో దేశపు పాఠకుడికి ‘వాగుతున్న మంత్రి’గా కనిపించే అవకాశం దీనివల్ల ఏర్పడింది.

స్కాట్లండ్ వెలుపల ఈ మాటను కోట్లమంది చెవిన వేసింది ఒక పాట. లీత్‌లో పుట్టిన కవలలు క్రెయిగ్ రీడ్, చార్లీ రీడ్‌లు ది ప్రొక్లైమర్స్ పేరుతో 1988లో విడుదల చేసిన, ఐదువందల మైళ్ల నడకను ప్రస్తావించే ఆ ప్రేమగీతంలో హేవర్ అనే క్రియ వస్తుంది. 1993లో ఒక హాలీవుడ్ చిత్రం ద్వారా అది అమెరికాలోనూ పేరు తెచ్చుకుంది. ఆ పాటను కలిసి పాడేవారిలో చాలామందికి ఆ ఒక్క మాటకు అర్థం తెలియకపోవడం, తెలియకపోయినా సొంత యాసను మార్చకుండా గాయకులు దాన్ని అలాగే ఉంచడం, చిన్న భాషలకు ఆత్మగౌరవం ఎలా నిలుస్తుందో చూపే ఘటన.

స్కాట్లండ్‌లోనే ఇదే అక్షరాల వరుసకు ఇంకో రెండు మాటలున్నాయి, వాటికీ హేవర్ క్రియకూ సంబంధం లేదు. మొదటిది న్యాయశాస్త్ర పదం. వ్యాజ్యానికి అవసరమైన దస్తావేజు ఎవరి చేతిలో ఉందో ఆ వ్యక్తిని స్కాట్లండ్ న్యాయవ్యవస్థలో ఈ పేరుతో పిలుస్తారు. కోర్టు నియమించిన కమిషనర్ ముందు హాజరై ఆ పత్రాన్ని చూపవలసిన బాధ్యత అతనిది. ‘కలిగి ఉండు’ అనే అర్థమున్న ఇంగ్లీషు క్రియ ‘హ్యావ్’కు కర్తృప్రత్యయం చేరి, ‘కలిగి ఉన్నవాడు’ అనే అర్థంలో ఏర్పడిన మాట ఇది. రెండోది ఓట్స్ ధాన్యానికి పేరు. స్కాట్లండ్ దక్షిణ ప్రాంతాల్లోనూ ఉత్తర ఇంగ్లండ్‌లోనూ వినిపించిన ఈ మాట ప్రాచీన నార్స్ భాషలోని ‘హఫ్రి’ నుంచి, అంటే స్కాండినేవియా వలసదారుల ద్వారా వచ్చింది. జర్మన్‌లో హాఫర్, డచ్‌లో హావర్ దీని సోదర పదాలు. సైనికుడు తన గుర్రానికి వేసే ఓట్స్‌ను మోసుకుపోయే సంచిని జర్మన్లు ‘హాబర్‌జాక్’ అన్నారు. అది ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులో చేరి ‘హ్యావర్‌సాక్’ అయింది. సైన్యంలోనూ ఎన్‌సీసీలోనూ భుజాన వేసుకునే ఆ సంచి పేరు తెలుగు విద్యార్థులకూ పరిచితమే. స్కాట్లండ్‌లో ఓట్స్ ఒకప్పుడు ప్రజల ముఖ్యాహారం. ఇంగ్లండ్‌లో గుర్రాలకు వేసే ఈ ధాన్యాన్ని స్కాట్లండ్‌లో మనుషులు తింటారని శామ్యూల్ జాన్సన్ 1755 నాటి తన నిఘంటువులో ఎకసెక్కంగా రాయడం స్కాట్లండ్ వాసులను ఇప్పటికీ నొప్పించే సంగతి.

హంగేరియన్‌లో హవెర్

హంగేరియన్ ఇండో యూరోపియన్ కుటుంబానికి చెందదు. ఫిన్నిష్, ఎస్తోనియన్‌లతో పాటు యురాలిక్ కుటుంబానికి చెందుతుంది. అయితే హవెర్ యురాలిక్ మాట కూడా కాదు. దాని మూలం హీబ్రూ. ‘కలుపు, జతపరచు’ అనే అర్థమున్న మూడు హల్లుల ధాతువు నుంచి హీబ్రూలో తోటివాడు, సహచరుడు అనే అర్థంలో ఈ మాట ఏర్పడింది. దాని తొలి హల్లు గొంతులోంచి పలికే ‘ఖ’ వంటి ధ్వని. యూదుల మతధర్మ గ్రంథాల కాలంలో శుద్ధి నియమాలను, దశమభాగపు విధులను కచ్చితంగా పాటించే సంఘంలోని సభ్యుణ్ని ఈ పేరుతో వ్యవహరించారు. ఆధునిక ఇజ్రాయెల్‌లో మిత్రుడు, పార్టీ సభ్యుడు, సమష్టి వ్యవసాయ క్షేత్రంలోని సభ్యుడు అనే అర్థాలన్నీ దీనికి ఉన్నాయి. 1995 నవంబరులో ఇజ్రాయెల్ ప్రధాని యిత్జాక్ రబీన్ హత్యకు గురైనప్పుడు అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ హీబ్రూలో వీడ్కోలు పలుకుతూ వాడిన సంబోధన ఇదే. ఆ మాటలు ఆ తర్వాత ఇజ్రాయెల్‌లో కార్ల వెనుక అంటించే కాగితాల మీదికి కూడా ఎక్కాయి.

హీబ్రూ నుంచి ఇది నేరుగా హంగేరీకి రాలేదు. మధ్య, తూర్పు ఐరోపా యూదులు మాట్లాడిన యిద్దిష్ భాష, అంటే జర్మన్ పునాది మీద హీబ్రూ, స్లావిక్ పదజాలం చేరి ఏర్పడిన భాష, దీనికి వాహకమైంది. హంగేరీలో 1867లో యూదులకు సమాన పౌరహక్కులు లభించిన తర్వాత వారు పెద్ద సంఖ్యలో నగరాలకు చేరారు. 1910 నాటికి బుడాపెస్ట్ జనాభాలో ఐదోవంతుకు మించి యూదులే. అంగళ్లలో, కర్మాగారాల్లో, కాఫీహోటళ్లలో, వీధుల్లో యిద్దిష్ మాటలు నగర వాడుకలోకి ప్రవహించాయి. దొంగల రహస్యభాష కూడా ఇందులో ఒక దారి. అదృష్టం అనే అర్థంలో ‘మాజ్లి’, పని అనే అర్థంలో ‘మెలో’, గొడవ అనే అర్థంలో ‘బల్హే’, కుర్రాడు అనే అర్థంలో ‘ష్రాట్స్’ ఈ విధంగానే హంగేరియన్‌లో స్థిరపడ్డాయి. వాటిని వాడే హంగేరియన్ యువకుల్లో చాలామందికి అవి పరాయి మాటలని తోచదు.

స్థిరపడిన మాట హంగేరియన్ వ్యాకరణానికి పూర్తిగా లొంగింది. ‘నా నేస్తం’ అనడానికి ‘హవెరొమ్’, బహువచనానికి ‘హవెరొక్’, జతకట్టి తిరగడానికి ‘హవెర్కొదిక్’ అనే క్రియ. మాటలోని అచ్చులను బట్టి ప్రత్యయంలోని అచ్చు మారే అచ్చుల పొందిక హంగేరియన్‌లో ప్రధాన నియమం. ఈ మాటలో నాలుక ముందు భాగంతో పలికేవి, వెనుక భాగంతో పలికేవి అనే రెండు తరగతుల అచ్చులూ ఉన్నా అది నాలుక వెనుక భాగంతో పలికే ‘ఒ’నే ఎన్నుకుంది. అయినా గంభీరమైన సందర్భాల్లో, రాతలో, స్నేహితుడికి ‘బరాత్’ అనే మాటే తగినది. ఆ ‘బరాత్’ కూడా ఎరవు మాటే కావడం విశేషం: స్లావిక్ భాషల్లో సోదరుడనే అర్థమున్న మాట నుంచి అది వచ్చింది, క్రైస్తవ సన్యాసి అనే అర్థం కూడా దానికి ఉంది. సంస్కృతం నుంచి తెలుగులోకి వచ్చిన ‘భ్రాత’కు ఈ స్లావిక్ మాట జ్ఞాతి. ఆ లెక్కన, స్నేహానికి హంగేరియన్‌లో బాగా వాడుకలో ఉన్న రెండు మాటల్లో ఒకటి హీబ్రూ సంతతి, మరొకటి ఇండో యూరోపియన్ సంతతి.

1944 మే నుంచి జులై మధ్య హంగేరీ నుంచి నాలుగు లక్షల మందికి పైగా యూదులను రైళ్లలో తరలించారు. వారిలో అత్యధికులను ఆష్విట్జ్‌లో చంపారు. యిద్దిష్ మాట్లాడే గ్రామీణ యూదు సమాజాలు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. ఆ సమాజాలు ఇచ్చిన ‘నేస్తం’ అనే మాట మాత్రం దేశమంతటా అందరి నోటా నిలిచింది. ఈ మాట చరిత్ర రాసేవారు ఈ వాస్తవాన్ని వదిలేయకూడదు.

ఇదే యిద్దిష్ మాట డచ్చి భాషలోనూ చేరింది. ఆమ్‌స్టర్‌డామ్ వీధిభాషలో అది ‘హబర్’ వంటి ఉచ్చారణతో స్థిరపడింది. 1990ల మొదట్లో రాటర్‌డామ్‌లో పుట్టిన అతివేగపు నృత్యసంగీతానికి ఆ పేరే నిలిచింది. దాన్ని డచ్చివారు హెచ్‌తో కాక జీతో మొదలుపెట్టి, నడుమ వీ బదులు రెండు బీలు రాస్తారు కాబట్టి హంగేరియన్ మాటతో పోలిక కంటికి ఆనదు. అంటే ఒకే రాత ఉన్న స్కాట్స్ మాట హంగేరియన్ మాటకు ఏమీ కాదు. రాత వేరైన డచ్చి మాట మాత్రం దానికి తోబుట్టువు.

ఇతర భాషల్లో ఇదే రూపం

ఈ అక్షరాల వరుస ఐరోపాలో ఇంకా చాలాచోట్ల కనిపిస్తుంది. డేనిష్‌లో అది ‘తోటలు’ అనే బహువచన నామం. కాటలాన్‌లో సహాయక క్రియ. పోర్చుగీసులో ‘ఉండు’ అనే అర్థమున్న క్రియ. చివరి రెండూ లాటిన్‌లోని ‘హబేరే’ నుంచి పుట్టాయి. ఆ లాటిన్ క్రియకు ‘కలిగి ఉండు’ అని అర్థం. స్కాట్లండ్ న్యాయపదానికి మూలమైన ఇంగ్లీషు ‘హ్యావ్’కూ అదే అర్థం. రూపం కలిసింది, అర్థం కలిసింది, రెండు భాషలూ ఇండో యూరోపియన్ కుటుంబానివే. ఇంకేం కావాలి అనిపిస్తుంది. అయినా ఈ రెండు క్రియలూ జ్ఞాతులు కావు. జర్మానిక్ భాషల్లోని ‘హ’ మూలభాషలోని ‘క’ నుంచి వస్తుంది కాబట్టి, ‘హ్యావ్’కు నిజమైన లాటిన్ బంధువు ‘పట్టుకొను’ అనే అర్థమున్న ‘కాపెరే’. ‘హబేరే’కు ఇంగ్లీషులో సాధారణంగా చూపే బంధువు ‘ఇచ్చు’ అనే అర్థమున్న ‘గివ్’. అర్థం కూడా కలిసినంత మాత్రాన చుట్టరికం రుజువు కాదనడానికి భాషాశాస్త్ర బోధనలో ఇంతకంటే బలమైన సాక్ష్యం దొరకడం కష్టం.

స్కాట్స్, హంగేరియన్‌ల మధ్యే మరికొన్ని జంటలున్నాయి. ‘కెన్’ అంటే స్కాట్స్‌లో తెలియడం. ఇది సంస్కృతంలోని ‘జ్ఞా’ ధాతువుకు జ్ఞాతి, కాబట్టి తెలుగువారు వాడే ‘జ్ఞానం’తో దానికి దూరపు చుట్టరికం ఉంది. హంగేరియన్‌లో ‘కెన్’ అంటే పూయడం, రాయడం. రొట్టె మీద వెన్న పూసినా, గాయానికి మలాము రాసినా అదే క్రియ, చేతులు తడిపి పని చేయించుకోవడాన్ని కూడా దానితోనే చెబుతారు. స్కాట్స్‌లో ‘సార్క్’ అంటే చొక్కా. రాబర్ట్ బర్న్స్ కథాకావ్యం ‘టామ్ ఓ షాంటర్’లో ఒక మంత్రగత్తె తొడిగిన పొట్టిచొక్కా పేరును 1869లో డంబార్టన్‌లో నిర్మించిన ‘కటీ సార్క్’ ఓడకు పెట్టారు. హంగేరియన్‌లో అదే రాతను ‘షర్క్’ అని పలుకుతారు, అర్థం భూమి ధ్రువం. స్కాట్స్‌లో ‘ఫాగ్’ అంటే రాళ్ల మీద పెరిగే నాచు. హంగేరియన్‌లో పన్ను, పట్టుకోవడం, భవిష్యత్కాలాన్ని సూచించే సహాయక క్రియ.

వీటి నడుమ ‘గాంగ్’ ఒక్కటి వేరు. స్కాట్స్‌లో దానికి వెళ్లు అని అర్థం. హంగేరియన్‌లో బుడాపెస్ట్ పాత మేడల లోపలి ముంగిలి చుట్టూ ప్రతి అంతస్తులో సాగే వసారాను ఆ పేరుతో పిలుస్తారు. ఇరుగుపొరుగు మాటలు, పిల్లల ఆటలు, పూలకుండీలు అన్నిటికీ అదే చోటు. ఈ రెండు అర్థాలకూ పొంతన లేదనిపించినా ఈ జంటలో చుట్టరికం నిజం. హంగేరియన్ మాట జర్మన్‌లోని ‘గాంగ్’ నుంచి వచ్చిన ఎరవు; నడక, నడిచే దారి దాని అర్థాలు; ఆ జర్మన్ మాట, స్కాట్స్ మాట ఒకే జర్మానిక్ మూలం నుంచి పుట్టినవి. చూపుకు హేవర్ జంటకూ గాంగ్ జంటకూ తేడా లేదు. తేడా అంతా మాట నడిచివచ్చిన దారిలో ఉంది.

చుట్టరికాన్ని తేల్చే పద్ధతి

భాషలో ధ్వనులు కొన్నే, మాటలు వేలు. పైగా పొట్టిమాటల్లో హల్లు, అచ్చు, హల్లు అనే కూర్పు అన్నిచోట్లా మామూలు. అందువల్ల యాదృచ్ఛిక సామ్యాలు తప్పవు. ఆస్ట్రేలియా ఆదివాసుల ఎంబబరం భాషలో కుక్కను ‘డాగ్’ అనే పిలిచేవారు. అది ఇంగ్లీషు నుంచి తెచ్చుకున్నది కాదనీ, ఆ భాషలో జరిగిన ధ్వని మార్పుల ఫలితమనీ ఆర్. ఎం. డబ్ల్యూ. డిక్సన్ నిరూపించాడు. కాబట్టి భాషాశాస్త్రం ఒక్కొక్క మాట పోలికను లెక్కచేయదు. ఒక భాషలోని ఒక ధ్వనికి మరో భాషలో క్రమం తప్పక ఎదురయ్యే ధ్వని ఏదో వెదుకుతుంది. దీన్నే ధ్వనుల అనురూపత అంటారు. ఫిన్నిష్‌లో చేప ‘కల’, హంగేరియన్‌లో ‘హల్’. మూడు అక్కడ ‘కొల్మె’, ఇక్కడ ‘హారొమ్’. చెట్టు అక్కడ ‘పూ’, ఇక్కడ ‘ఫ’. గూడు అక్కడ ‘పెసె’, ఇక్కడ ‘ఫేసెక్’. రూపాలు అంతగా కలవవు, కానీ కకారానికి హకారం, పకారానికి ఫకారం వరుసగా ఎదురవుతాయి. చుట్టరికానికి సాక్ష్యం ఆ వరుసే.

ఈ బాంధవ్యాన్ని మొదట గట్టిగా ప్రతిపాదించినవాడు యానోష్ షైనోవిచ్ అనే హంగేరియన్ జెసూయిట్ ఖగోళ పరిశీలకుడు. 1769లో సూర్యబింబం మీదుగా శుక్రగ్రహం సాగిపోవడాన్ని చూడడానికి ఉత్తర నార్వేలోని వార్దో దీవికి వెళ్లిన అతడు ఫిన్నిష్‌కు బంధువైన అక్కడి సామీ ప్రజల భాషను విని, హంగేరియన్‌తో పోల్చి, 1770లో తన గ్రంథం ప్రకటించాడు. 1799లో షామువెల్ గ్యార్మతి వ్యాకరణ రూపాల పోలికతో దాన్ని మరింత పటిష్ఠం చేశాడు. హంగేరీలో చాలామంది పెద్దలు దీన్ని అవమానంగా భావించి ‘చేపకంపు చుట్టరికం’ అని ఈసడించారు. అయినా ఆధారాలు నిలిచాయి.

తెలుగుకు కూడా ఈ చరిత్రతో నిజమైన సంబంధం ఉంది. తెలుగు సంస్కృత జన్యమనే వాదాన్ని ఖండిస్తూ, ధాతువుల స్థాయిలో తెలుగు, తమిళ, కన్నడాల బాంధవ్యాన్ని ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ 1816లో ఎ. డి. క్యాంబెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన ఉపోద్ఘాతంలో చూపాడు. 1856లో ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం ప్రకటించిన రాబర్ట్ కాల్డ్‌వెల్, స్కాటిష్ తల్లిదండ్రులకు ఐర్లండ్‌లో పుట్టి గ్లాస్గోలో చదివినవాడు. ద్రావిడ భాషలను అతడు ‘సిథియన్’ అనే మహావర్గంలో ఫిన్నిష్, హంగేరియన్‌ల పక్కన చేర్చాడు. ప్రత్యయాలు ఒకదాని వెనుక ఒకటి అతుక్కోవడం, ‘హరికి’, ‘గురువుకు’ అన్నట్టు పక్క అచ్చును బట్టి ప్రత్యయంలోని అచ్చు మారడం వంటి పోలికలు అతన్ని ఆకర్షించాయి. ఆ పోలికలు ఉన్నమాట నిజమే గానీ, అవి నిర్మాణానికి చెందినవి. సంబంధం లేని భాషల్లోనూ స్వతంత్రంగా ఏర్పడగలవు. ద్రావిడ యురాలిక్ బంధుత్వాన్ని నిలబెట్టగల క్రమబద్ధమైన ధ్వనుల అనురూపత నేటికీ రుజువు కాలేదు. ద్రావిడ కుటుంబాన్ని సరిగా గుర్తించిన కాల్డ్‌వెల్ ఈ విషయంలో ఆధారాన్ని మించి ముందుకు వెళ్లాడనే చెప్పాలి.

ఒకే భాషలోని సమరూపాలకూ ఇదే పరీక్ష వర్తిస్తుంది. తెలుగులో కాలికి తొడిగే ‘చెప్పు’, మాట చెప్పడంలోని ‘చెప్పు’ రాతలోనూ పలుకులోనూ ఒకటే. తమిళంతో పోలిస్తే మొదటిదానికి ‘సెరుప్పు’, రెండోదానికి ‘సెప్పు’ ఎదురవుతాయి. మొదటిదానిలో తెలుగు ఒక రేఫను పోగొట్టుకోవడం వల్ల రెండు వేర్వేరు మాటలు ఒక రూపంలో కలిసిపోయాయి. థామస్ బరో, ముర్రే ఎమెనో 1961లో ప్రకటించి 1984లో సవరించి మళ్లీ ప్రకటించిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు ఈ రెండింటినీ వేర్వేరు పద్దుల కింద ఉంచింది.

మాటల చరిత్రను తేల్చడానికి తోడ్పడే ఇలాంటి నిఘంటువులు స్కాట్స్, హంగేరియన్‌లకూ ఉన్నాయి. స్కాట్స్ మాటల వాడుకలను ఉదాహరణలతో నమోదు చేసిన పది సంపుటాల స్కాటిష్ జాతీయ నిఘంటువు విలియం గ్రాంట్, డేవిడ్ మ్యూరిసన్‌ల సంపాదకత్వంలో 1931లో మొదలై 1976లో పూర్తయింది. లొరాండ్ బెంకో సంపాదకత్వంలో 1967 నుంచి వెలువడిన హంగేరియన్ చారిత్రక వ్యుత్పత్తి నిఘంటువులో మూడో సంపుటం కూడా 1976లోనే అచ్చయింది. దాని సూచికా సంపుటం 1984లో వచ్చింది.